కట్లాయన జామకొమ్మ

ఆ వీధిలో ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. అందరికీ కట్లాయనే. పెద్దాస్పత్రి కట్ల గదిలో జీవితమంతా గడిపాడు. మోకాళ్ళు చెక్కుకుపోయిన పిల్లల దగ్గర్నుంచి మిషన్లో చెయ్యి పడ్డవాళ్ళ దాకా ఎవరొచ్చినా ముందు ఆయన స్టూలు దగ్గరికే రావాలి. కట్టు ఎవడైనా కడతాడు, విప్పడంలోనే ఉంది పనితనమంతా అనేవాడు. ఎండిన దూది గాయానికి అతుక్కుపోతుంది, లాగితే ప్రాణం లేచిపోతుంది. ఆయన గోరువెచ్చని నీళ్ళు చుక్కచుక్కగా వదులుతూ, "ఇవాళ మీ ఇంట్లో కూరేంటి?" అని అడిగేవాడు. అవతలివాళ్ళు గుర్తు తెచ్చుకుని చెప్పేలోపు కట్టు ఊడి ట్రేలో పడేది. తర్వాత గాయం కేసి తేరిపార చూసి, అదెంత ఘోరంగా ఉన్నా సరే, "చిన్నదే, మానిపోతుంది" అనేవాడు. ఆ మాటకే సగం తగ్గిపోయేదని జనం చెప్పుకునేవారు. జనానికేం, చెప్పుకుంటారు.

ఆయన కట్టును దూరం నుంచే గుర్తు పట్టొచ్చు. కొసలు పైకి కనబడకుండా లోపలికి మడిచి, పక్కకి ఒక చిన్న ముడి వేసేవాడు. వీధిలో ఎవరైనా అలాంటి కట్టుతో ఎదురుపడితే, "ఓహో, మనాయన చేతిలో పడ్డావన్నమాట" అనేవాళ్ళు.

అంత పనిమంతుడూ ఇంటి గుమ్మం తొక్కాక కట్టు పేరెత్తితే ఒప్పుకునేవాడు కాదు. స్నానం, కుర్చీ, రేడియో, అంతే. కూరగాయలు తరుగుతూ భార్య వేలు కోసుకుంటే తనే పీలిక చుట్టుకోవాలి. "పొద్దుట్నుంచీ అవేగా, ఇంటికొచ్చి కూడానా?" అనేవాడు. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!" అని ఆవిడ నవ్వేసేది. ఆ రోజుల్లో ఆ మాట నవ్వుకోవడానికే పనికొచ్చింది.

ఆవిడకు పెరడే లోకం. పెరడంటే పెద్ద తోటేం కాదు. నీళ్ళ తొట్టి, బట్టల బండ, ప్రహరీ గోడ, వాటి మధ్య మిగిలిన నాలుగు అడుగుల నేల. కూతురు బడిలో చేరిన ఏడాది మొక్కల తాత దగ్గర్నుంచి జామ అంటు తెచ్చి అక్కడ నాటింది. మొక్కల తాత అంటే వీధి చివర కుండీలూ మొక్కలూ అమ్ముకునే పెద్దాయన.

"గింజ పాతినా మొలుస్తుందిగా, కొనడం దేనికి?" అన్నాడు కట్లాయన.

"గింజ పాతితే ఏ కాయ కాస్తుందో ఎవరికి తెలుసండీ? అంటైతే తల్లి ఎలాంటిదో పిల్లా అలాంటిదే" అంది ఆవిడ. తల్లి చెట్టు కాయ ఆవిడ తిని చూసింది మరి. లోపల గులాబీ రంగు, కొరికితే గది గదంతా వాసన.

చెట్టును ఆకాశానికి పోనిచ్చేది కాదు. నిటారుగా లేచిన కొమ్మకు తాడు కట్టి, తాడు కొసకు ఇటుకముక్క వేలాడదీసి వంచేది. వంగిన కొమ్మే కాస్తుందనేది. కాపు అయిపోగానే కొమ్మల కొసలు కత్తిరించేది. పిందెలు నిమ్మకాయంత అయ్యాయంటే పాత చీరలూ, కట్లాయన చొక్కాల చేతులూ చించి చిన్న చిన్న సంచులు కుట్టి, ఈగ కుట్టకుండా ఒక్కో కాయకూ తొడిగి మూతి కట్టేది. కాపు మీదున్నప్పుడు ఆ చెట్టును చూస్తే కట్లాయనకు నవ్వాగేది కాదు.

"మా వార్డు ఇంటికే వచ్చేసిందేమే!" అనేవాడు.

"వచ్చిందిగా, మీరూ ఒక చెయ్యి వెయ్యండి."

"అమ్మో, కట్లు నా వల్ల కాదు" అని లోపలికి జారుకునేవాడు.

తర్వాత్తర్వాత ఆవిడకు షుగర్ వచ్చింది. అరికాళ్ళకు స్పర్శ తగ్గింది. అలాంటి పాదాలు ఆయన రోజూ చూసేవాడు, వాటి కథలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తెలిసి ఏం లాభం? కొమ్మలు కత్తిరించిన రోజు ఆవిడ చెప్పుల్లేకుండా తిరుగుతూ, ఏటవాలుగా తెగిన పుల్ల మీద కాలేసింది. దిగిన సంగతే తెలియలేదు. వంటింటి గచ్చు మీద ఎర్రటి అడుగులు చూసి, ఇవెవరివబ్బా అనుకుందట.

ఆ రోజే ఎక్కడో బస్సు బోల్తా పడి ఆస్పత్రి నిండిపోయింది. కట్లాయన ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "కాస్త నా కాలు చూస్తారా, ఏదో గుచ్చుకున్నట్టుంది" అంది ఆవిడ. ఆయన కళ్ళు తెరవకుండానే, "చిన్నదే, మానిపోతుంది. రేపు చూస్తాలే" అన్నాడు.

ఆవిడ మళ్ళీ అడగలేదు. అలిగిందో, నిజంగానే చిన్నదనుకుందో. నొప్పి ఉంటే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేదే. నొప్పి లేదు, అదే కొంప ముంచింది. కాయల సంచులకు కోయగా మిగిలిన చీరపీలిక తనే చుట్టుకుని పనులు చేసుకుంటూ పోయింది. కొన్నాళ్ళ తర్వాత సెలవు రోజున ఆయన కంటికి ఆ పీలిక మురికిగా కనబడింది. బీరువాలోంచి కొత్త బ్యాండేజీ తీసి, పాతదాన్ని విప్పకుండా, దాని మీదే చుట్టేశాడు. కొసలు లోపలికి మడిచాడు, పక్కన ముడి వేశాడు. "ఇప్పుడు చూడు, ఎంత బాగుందో" అన్నాడు. నిజంగా బాగుంది. ఆయన తన జన్మలో కింద ఏముందో చూడకుండా కట్టిన కట్టు అదొక్కటే.

ఇంట్లో వాసన మొదలయ్యాక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తన గదిలోనే, తన స్టూలు పక్కనే ఆవిడను పడుకోబెట్టారు. డాక్టరుగారు కత్తెరతో కట్టు తెంచి, కింద పీలిక చూసి, పీలిక కింద కాలు చూసి, "గాయం చూడకుండా పైనుంచి పైన కట్టు వేసిందెవరు?" అని అరిచారు. ఆ ముడి ఎవరిదో గదిలో ఉన్న సిస్టర్లందరికీ తెలుసు. పడుకున్న ఆవిడే, "నేనే కట్టుకున్నానండీ డాక్టరుగారూ, ఈయన్ని చూసి నేర్చుకున్నా" అంది. ఒక సిస్టరు తల దించుకుని ట్రే సర్దడం మొదలెట్టింది. ఆయన అప్పుడైనా ఒక్క మాట అని ఉండాల్సింది. అనలేదు.

మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. వరండాలో కూతురు ఏడుస్తూ, "ఊరందరి కట్లూ విప్పావు కదా నాన్నా, అమ్మది ఒక్కటి విప్పి చూడలేకపోయావా?" అంది. పెళ్ళై వేరే ఊళ్ళో ఉంటున్న పిల్ల, దుఃఖంలో అన్న మాట, తర్వాత మర్చిపోయింది కూడా. ఆయన మర్చిపోలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇంకా సర్వీసు ఉండగానే ఉద్యోగం వదిలేసి ఇంట్లో కూర్చున్నాడు. అప్పటినుంచీ ఆయనకు మూసి ఉన్నది ఏది కనబడినా చెయ్యి ఆగదు. ఉడుకుతున్న అన్నం మీద మూత తీసి చూస్తాడు, అన్నం బిరుసెక్కిపోతుంది. పాలు తోడు పెట్టిన గిన్నె గంటకోసారి తెరుస్తాడు. నిద్రపోతున్న భార్య మీద దుప్పటి ఎత్తి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తాడు. ఒక్కటి మాత్రం ఆయనకు దొరకలేదు. ఆవిడ మిగిలిన కాలు.

ఆ కాలికి ఆవిడ ఎప్పుడూ మేజోడు తొడుక్కునే ఉండేది. "ఒక్కసారి చూపించవే" అంటే, "నేను చూసుకుంటున్నాలెండి, అద్దం ఉందిగా" అనేది. అరచేతిలో పట్టే అద్దం ఒకటి దిండు కింద పెట్టుకునేది, అరికాలు చూసుకోవడానికి. కంటి చూపు మందగించి గోడ మీది గడియారంలో ముళ్ళే కనబడని మనిషి అద్దంలో ఏం చూసుకుంటుంది? ఆ మాట అనే ధైర్యం ఆయనకు లేదు. ఆవిడ తిట్టేది కాదు, దెప్పేది కాదు. తిట్టినా బాగుండేది పాపం, ఆయనకు కాస్త ఊపిరాడేది.

చక్రాల కుర్చీ వంటింటి గడప దాకా వస్తుంది. అక్కణ్ణుంచి పెరట్లోకి రెండు మెట్లు. ఆ రెండు మెట్లు దిగలేక ఆవిడ గడప దగ్గర కూర్చుని చెట్టును చూస్తూ ఉండేది. ఇన్నేళ్ళూ ఒక్క కాయకు సంచి కట్టని మనిషి ఇప్పుడు ఇటుకలు వేలాడదీశాడు, కొసలు కత్తిరించాడు, సంచులు తొడిగాడు. పొద్దునా సాయంత్రం బిందెలకు బిందెలు పోశాడు. "చాలండీ, జామకు అన్ని నీళ్ళు వద్దు" అని ఆవిడ మొత్తుకున్నా వినలేదు.

ఆ ఏడు వానలు పడే ముందు చెట్టుకు ఒక పక్క ఆకులు పసుపెక్కాయి. తర్వాత కొమ్మ కొమ్మే ఎండడం మొదలెట్టింది. కాయలు సంచుల్లోనే గట్టిపడి నల్లబడ్డాయి. మొక్కల తాతను పిలుచుకొచ్చారు. ఆయన మొదలు దగ్గర గోరుతో గీరి, బెరడు కింద చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఎండు తెగులమ్మాయ్. వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిచి పట్టుకుంది. ఇంక దీనికి మందు లేదు."

"పోనీ మీ దగ్గర ఆ తల్లి చెట్టు ఉందిగా?" అంది ఆవిడ.

"ఎక్కడిదమ్మా, ఆ స్థలం అమ్మేసినప్పుడే కొట్టేశారు. ఆ రకం నా దగ్గరా లేదు. ఇదిగో, ఈ కొమ్మొక్కటే ఇంకా పచ్చగా ఉంది. దీనికి అంటు కడదాం. వేళ్ళొచ్చేదాకా చెట్టు బతికి ఉంటే పిల్ల దక్కినట్టే."

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. కాలు పోయాక ఇది కావాలని ఆవిడ ఏనాడూ అడిగి ఎరగదు. "ఈ ఒక్క అంటు దక్కించండి. నాకింకేం వద్దు" అంది. ఆ మాటలో ఏముందో కట్లాయనకు తెలుసు. ఇది దక్కితే ఆవిడ ముందు తను మళ్ళీ తలెత్తి నిలబడొచ్చు. మిగిలిన కాలు చూపించమని అడిగే హక్కు రావచ్చు. దక్కకపోతే ఇంక ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

తాత చాకుతో కొమ్మ చుట్టూ ఉంగరంలా బెరడు తీసేశాడు. ఆ చోట తడి మట్టీ కొబ్బరిపీచూ కలిపిన ముద్ద అద్ది, పైన నల్ల ప్లాస్టిక్ కాగితం చుట్టి, దారం తీసి కట్లాయన చేతికిచ్చాడు. "కట్టు కట్టడంలో నీ ముందు నేనెంతయ్యా, నువ్వే కానీ" అన్నాడు. కట్లాయన ఎంతో కాలానికి వేళ్ళు కదిలించాడు. కొసలు లోపలికి, ముడి పక్కకి.

"ఒకటే మాట చెబుతున్నా, విను. విప్పకు. వేళ్ళకు చీకటి కావాలి. అనుమానం వస్తే పైనుంచి మెల్లగా నొక్కి చూడు, గట్టిపడితే వేళ్ళు వచ్చినట్టు. వానలు వెనకబట్టాక నేనే వచ్చి కోస్తా" అన్నాడు తాత. "సరే" అన్నాడు కట్లాయన. నిజాయితీగానే అన్నాడు.

మొదట్లో నొక్కి చూసేవాడు. నొక్కినకొద్దీ అనుమానం పెరిగేది. లోపల కుళ్ళుతోందేమో? పైకి బాగానే ఉంది, అప్పుడూ పైకి బాగానే ఉంది కదా! కూతురి మాట చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది. ఒక ఉదయం ఆవిడ పడుకుని ఉండగా పెరట్లోకి వెళ్ళి, ఒక్కసారి చూసి మళ్ళీ కట్టేస్తే ఏమవుతుందిలే అనుకుని, ముడి విప్పాడు. ఏం లేదు, అంతా తడిగా, మామూలుగా ఉంది. కట్టేశాడు. గుండె కుదుటపడింది. ఆ కుదుటపాటు రెండు రోజులు కూడా నిలవలేదు. మళ్ళీ విప్పాడు. ఆ తర్వాత అదొక అలవాటైపోయింది.

ఇలా ఉండగా ఒకనాడు విప్పితే, బెరడు తీసిన చోట పై అంచున తెల్లగా, మెత్తగా బుడిపెలు లేచి ఉన్నాయి. కట్లాయనకు తెలిసింది గాయాల లెక్కే. గాయం ఎర్రగా ఉంటే మానుతున్నట్టు. తెల్లగా పొర కడితే చచ్చిన కండ, గీకి పారెయ్యాలి. జీవితమంతా చేసింది అదే. లోపలికెళ్ళి పాత పెట్టె తెచ్చాడు. పట్టకారు పుచ్చుకుని, ఓపిగ్గా, చిన్నపిల్ల మోకాలి మీది గాయం తుడిచినట్టు, ఆ తెల్లటి బుడిపెలన్నీ ఒక్కటి మిగలకుండా గీకేశాడు. మట్టీ పీచూ మురికిగా ఉన్నాయని తీసేసి, శుభ్రమైన దూది తడిపి పెట్టాడు. నల్ల కాగితం చుట్టి, తన ముడి వేశాడు. అలవాటు చొప్పున కొమ్మతో, "చిన్నదే, మానిపోతుంది" అన్నాడు. ఆ రాత్రి చాలా కాలానికి హాయిగా నిద్రపోయాడు.

ఆయనకు తెలియనిది ఒకటుంది. పడకగది కిటికీలోంచి పెరడు కనబడుతుంది. ఆవిడ కంటికి కొమ్మ మీది ఆకులు ఆనవు గానీ, వంగి నిలబడ్డ మొగుడి వీపు ఆనుతుంది. పిలవాలని నోటి దాకా వచ్చేది. పిలిస్తే ఆ వీపు ఉలిక్కిపడి ఎలా ముడుచుకుంటుందో కూడా ఆవిడకు తెలుసు. చెట్టును కాపాడుకోవాలా, ఆ మనిషినా? ఎటూ తేల్చుకోలేక కళ్ళు మూసుకుని పడుకునేది.

వానలు వెనకబట్టాయి. చెట్టు నిలువునా ఎండిపోయింది. దాంతోపాటే ఆ ఒక్క కొమ్మా పసుపెక్కి, ఆకులు రాల్చుకుని, పుల్లగా మిగిలింది. తాత వచ్చాడు. ఆవిడ కుర్చీ గడప దగ్గరికి వచ్చింది. తాత చాకుతో నల్ల కాగితం చీరాడు. లోపల తెల్లటి దూది, ఎండి అట్టకట్టి ఉంది. తాత దాన్ని తీసి పక్కన పెట్టి, కొమ్మ మీదికి వంగి చూశాడు.

"ఇక్కడ వేళ్ళు వచ్చాయయ్యా" అన్నాడు, బెరడు అంచు మీద వేలితో రాస్తూ. "ఇదిగో గుర్తులు. తెల్లగా బుడిపెల్లా లేస్తాయి, అవే వేళ్ళ మొదళ్ళు. ఎవరో శుభ్రంగా గీకేశారు. ఎవరు విప్పారు దీన్ని?"

కట్లాయనకు అప్పుడు తెలిసింది. తెల్లటివే వేళ్ళు. మానుతున్నదాన్నే గీకి పారేశాడు.

"నేనే పెద్దాయనా" అంది ఆవిడ గడప దగ్గర్నుంచి. "నాకే మనసాగక విప్పి చూడమన్నాను. ఆయన తప్పేం లేదు."

అదే గొంతు. ఆస్పత్రిలో, డాక్టరుగారి ముందు, పడుకుని చెప్పిన గొంతు. అప్పుడు కట్లాయన తల దించుకుని ఊరుకున్నాడు. ఇప్పుడు ఊరుకోలేకపోయాడు.

"కాదు" అన్నాడు. "ఆవిడ ఏం చెప్పలేదు. నేనే విప్పాను. ఒకసారి కాదు, చాలాసార్లు. గీకిందీ నేనే." ఆవిడ వైపు తిరిగి, మళ్ళీ అన్నాడు. "ఆ రోజు కట్టిందీ నేనే. విప్పకుండా, చూడకుండా, మీద కట్టింది నేనే."

ఏ రోజు సంగతో తాతకు అర్థం కాలేదు. చెట్టు పోయిన బాధలో ఏదో మాట్లాడుతున్నాడనుకుని, భుజం తట్టి, చాకు మడిచి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. అర్థం కావాల్సిన మనిషికి అర్థమైంది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆయన మెట్ల మీద కూర్చుని ఎండిన చెట్టును చూస్తూ ఉండిపోయాడు. కొమ్మలకు కట్టిన ఇటుకముక్కలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి, వంచడానికి పచ్చి కొమ్మ ఒక్కటీ మిగలకపోయినా.

పొద్దు వాలుతుండగా ఆవిడ పిలిచింది. "ఇలా రండి."

వెళ్ళి కుర్చీ ముందు కింద కూర్చున్నాడు. ఆవిడ కాలు ముందుకు చాపి ఆయన ఒళ్ళో పెట్టింది. "చూస్తానన్నారుగా. చూడండి" అంది.

మేజోడు అంచు వేళ్ళతో చుట్టచుట్టుగా మడుస్తూ కిందికి దించాడు. మడమ దగ్గర అది కాస్త అతుక్కుంది. లాగలేదు. చెంబులో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి చుక్కచుక్కగా వదిలాడు. "రేపు కూరేం వండుకుందాం?" అని అడిగాడు. ఆవిడ ఆలోచిస్తుండగానే మేజోడు ఊడి వచ్చింది.

మడమ వెనక రూపాయి బిళ్ళంత పుండు. చుట్టూ ఎరుపు, మధ్యలో తెల్లటి పొర. దీపం దగ్గరికి లాక్కుని చూశాడు.

"ఇదెప్పటిది?" అన్నాడు.

"ఏది?" అంది ఆవిడ.

ఆవిడ వంగి చూడబోయింది గానీ ఆనలేదు. ఆయన మొహం వైపు చూసింది.

"చిన్నదేనాండీ?"

ఆ మాట ఆయన వేలమందికి చెప్పాడు. కొమ్మకు కూడా చెప్పాడు. ఇప్పుడు నోటికి రాలేదు. పాదాన్ని మెత్తటి గుడ్డలో పెట్టి, కట్టు కట్టకుండా అలాగే దిండు మీద ఆనించి, చెప్పులు తొడుక్కుని, ఆస్పత్రికి బండి పిలుచుకు రావడానికి వీధిలోకి వెళ్ళాడు.